ఎడమ దిక్కు స్పీకరు

ఫేబ టీచరమ్మ వాళ్ల హాలులో ఎడమ పక్కన ఎవరో ఉన్నారని మొదట అన్నది ఆమె అత్త జ్ఞానమ్మ. "వాడు యాడికి పోలే. ఈడనే ఉన్నడు," అంటూ, టీవీకి ఎడమ వైపు నిలబెట్టిన పొడుగాటి స్పీకరు పక్కకు తన ప్లాస్టిక్ కుర్చీ జరుపుకొని కూర్చునేది. వాడంటే ఆమె కొడుకు ప్రకాశం, ఫేబ భర్త. పాపన్నపేట రోడ్డు మీద ట్రాక్టరు గుద్ది చనిపోయి అప్పటికి రెండేళ్లు దాటింది. కొడుకును మట్టిలో పెట్టిన తల్లి ఏదో అంటుందిలే అని ఇంట్లో ఎవరూ ఆ మాట పట్టించుకోలేదు.

తర్వాత బయటివాళ్లూ అనసాగారు. ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్న రోజు టీవీలో పాటలు పెడితే, సోఫాకు ఎడమ చివర కూర్చున్న ఒకావిడ మాటిమాటికీ పక్కకు తిరిగి చూసి, చివరకు లేచి వెళ్లి కింద చాప మీద కూర్చుంది. అడిగితే, "ఏం లేదక్కా, చెవిల ఎవరో పాడినట్టయింది," అంది. ఫేబ కూతురు నిస్సి బ్యాంకు ఉద్యోగి. దయ్యాలంటే నవ్వే రకం. అయినా సోఫాలో ఆ చివర కూర్చోవడం ఎప్పుడు మానేసిందో ఆ పిల్లకే తెలియదు.

ఫేబ పైకి ఏమీ అనలేదు. వంటింటి గుమ్మం ఆ స్పీకరు పక్కనే. ఒక సాయంత్రం చపాతీలు కాలుస్తుంటే గుమ్మం అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు. ప్రకాశం లోపలికి వచ్చేముందు చేసినట్టే. చపాతీ పెనం మీదే వదిలేసి బయటికి వచ్చి చూసింది. ఎవరూ లేరు. టీవీ సీరియల్లో ఒక పెద్దమనిషి తెరకు కుడి చివర కూర్చొని దగ్గుతున్నాడు. ఆయన అక్కడ దగ్గితే ఇక్కడెందుకు వినపడింది? ఆ రోజు నుంచి ఆమె గమనించడం మొదలుపెట్టింది. వార్తలు చదివే అమ్మాయి పెదవులు తెర మధ్యలో కదులుతాయి, మాటలు గోడవార నుంచి వస్తాయి. సినిమాలో అందరూ మౌనంగా ఉన్నప్పుడు వచ్చే చిన్న చిన్న చప్పుళ్లు, తలుపు గడియ, చెప్పుల అడుగు, మనిషి ఊపిరి, అన్నీ ఆ ఒక్క వైపే. ఎవరో అక్కడ నిలబడి, లోపలికి రావాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఉండేది.

ఆమె నమ్మకం గల మనిషి. చనిపోయినవాళ్లు ప్రభువు దగ్గర నిద్రిస్తారని ఆదివారం బడిలో పిల్లలకు చెప్పిన మనిషి. అందుకే ఈ సంగతి పాస్టరుగారికి కూడా చెప్పుకోలేకపోయింది. చెప్పుకోలేకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. గుమ్మం దగ్గరున్నది నిజంగా ఆయనే అయితే, ఆమె మీద కోపంతోనే వచ్చి ఉంటాడని ఆమె భయం.

ఆ స్పీకర్లంటే ప్రకాశానికి ప్రాణం. పగలు పాపన్నపేట మండలంలో ఒక సర్కారు హైస్కూలుకు హెడ్మాస్టరు, పొద్దుగూకితే చర్చి క్వయరుకు మాస్టరు. ఏ ఊళ్లో ఏ క్వయరు పాడినా రికార్డు తెచ్చుకొని వినేవాడు. మొదట్లో ఒక టేప్‌రికార్డరు ఉండేది. తర్వాత నిలువెత్తు స్పీకర్లు రెండు వచ్చాయి, వాటిని నడిపించే ఆంప్లిఫయరు వచ్చింది, గోడలు అదిరే డబ్బా ఒకటి వచ్చింది, వెనకాల మూలలకు చిన్న స్పీకర్లు వచ్చాయి. నాలుగు గొంతులు నాలుగు చోట్ల నుంచి విడివిడిగా వినపడాలి, కలిసీ వినపడాలి. అదీ ఆయన లెక్క. వాటిని వేరే ఎవరూ ముట్టుకోవడానికి లేదు.

చివరి ఏడాది ఆ పిచ్చి ముదిరింది. బడి నుంచి రాగానే హాలు తలుపు వేసుకొని, రిమోట్ పట్టుకొని, "సరిగ్గ లేదు, ఎడమది సరిగ్గ లేదు," అని గొణుక్కునేవాడు. వైర్లు మార్చాడు. స్పీకరును హైదరాబాదు పట్టుకుపోయి చూపించాడు. ఏమీ పాడుకాలేదని వాళ్లంటే నమ్మక, దాన్ని ఇచ్చేసి అలాంటిదే ఇంకొకటి తెచ్చుకున్నాడు. అదీ నచ్చలేదు.

ఆ ఏడాదే ఆయన ఫేబతో మాట్లాడటం తగ్గించాడు. ఆమె వంటింట్లోంచి పిలిస్తే పలకడు. పక్కన నడుస్తూ ఏదైనా చెబితే ముందుకే చూస్తూ నడుస్తాడు. కారణం తనకు తెలుసని ఆమె అనుకుంది. క్వయరు వార్షికోత్సవం అయ్యాక ఒక మాట అన్నది. "ఇగ క్వయరు విక్టర్‌కు అప్పజెప్పరాదా? ఈసారి పాట జర తేడా కొట్టింది," అని. ఆయన మొహం మాడిపోయింది. ఆ రోజు నుంచే ఈ మౌనం అని ఆమె లెక్క కట్టుకుంది. కొన్నాళ్లు బతిమాలింది. తర్వాత ఆమెకూ పట్టుదల వచ్చింది. పలకని మనిషిని పిలిచేదేముంది అనుకొని తనూ పిలవడం మానేసింది. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద, ఒక్క మాట కూడా లేకుండా నెలలు గడిపారు. చివరి రోజు పొద్దున ఆయన బండి తాళం తీసుకొని బయలుదేరుతుంటే, "టిఫిన్ డబ్బా మర్చిపోతున్నరు," అని ఆమె గుమ్మంలోంచి అంది. ఆయన వెనక్కి తిరగలేదు. మధ్యాహ్నానికల్లా శవం వచ్చింది. డబ్బా గట్టు మీదే ఉండిపోయింది.

నిస్సి కొత్తగా పెద్ద టీవీ కొనడంతో ఆ హాలులో కదలిక వచ్చింది. కొత్త టీవీ వైరు పాత ఆంప్లిఫయరుకు ఎక్కలేదు. పాతదానితో ఎలాగో తంటాలు పడి పెట్టిన కనెక్షను ఊరికే ఆగిపోయేది. "మమ్మీ, ఇదంతా తీసేద్దాం. సౌండ్‌బార్ పెట్టుకుందాం. సన్నగ ఉంటది, గోడకు కొడ్తే అయిపోతది," అంది. ఫేబ వెంటనే సరే అంది. అంత తొందరగా ఒప్పుకున్నందుకు నిస్సి ఆశ్చర్యపోయింది గానీ, ఫేబకు ఆ మూల ఖాళీ అయితే చాలనిపించింది.

టౌనులో రాందాస్ చౌరస్తా దగ్గర విక్టర్‌కు టీవీలు, స్పీకర్ల దుకాణం ఉంది. ప్రకాశం చేతి కింద పాడి పెరిగినవాడే. ఇప్పుడు క్వయరు నడిపేదీ అతనే. తల్లీ కూతుళ్లను కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు.

"సౌండ్‌బార్ తప్పేం కాదు నిస్సీ. చిన్న రూముకు మంచిగుంటది. కానీ మీది పెద్ద హాలు, పైన ఎత్తు సుత ఎక్కువ. సార్ పెట్టిన ఆ పొడుగు స్పీకర్లు, టవర్లు, ఇప్పుడు కొందామన్నా దొర్కయి. వాటిని ఉంచుకొని ఆంప్లిఫయరు ఒక్కటి మార్చుండ్రి, మాటల కోసం మధ్యల ఒక స్పీకరు పెట్టుకోండ్రి. టీవీకి ఒక్కటే వైరు, ఒక్కటే రిమోట్."

"మాకు ఆ టవర్లే వద్దన్నా," అంది నిస్సి.

"ఎందుకు?"

నిస్సి తల్లి వైపు చూసింది. విక్టర్ రెట్టించకుండా, "ఒకసారి ఇనుండ్రి, తర్వాత మీ ఇష్టం," అని లోపలి గదిలో కూర్చోబెట్టి ఏదో సినిమా సీను పెట్టాడు. ఒక ముసలావిడ, ఆమె మనవడు చెరువు గట్టు మీద మాట్లాడుకుంటున్నారు. ఫేబ కాసేపు విన్నది. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం చూసి విక్టర్ ఆపేశాడు.

"ఏమైందక్కా?"

"మాటలు మూతి కాడ్నుంచే వస్తున్నయి," అంది ఫేబ.

"అట్లనే రావాలె గదా."

"మా ఇంట్ల రావు విక్టర్. పక్కకెంచి వస్తయి."

విక్టర్ నవ్వబోయి ఆగిపోయాడు. తను వచ్చి చూసేదాకా పాతవి ఏవీ కదపొద్దని చెప్పాడు. ఆంప్లిఫయరు, మధ్య స్పీకరు మాత్రం ఇంటికి పంపాడు. డబ్బాలు విప్పకుండానే హాలులో ఒక మూల పెట్టారు.

శనివారం మధ్యాహ్నం అతను వచ్చేసరికి నిస్సి కూడా బ్యాంకు నుంచి వచ్చి ఉంది. జ్ఞానమ్మ తన మామూలు చోట, స్పీకరు పక్కన కూర్చొని ఉంది. విక్టర్ పాత ఆంప్లిఫయరు మీద దుమ్ము తుడిచి, దాని చిన్న తెర మీద ఒక్కొక్క సెట్టింగు చూస్తూ పోయాడు. ఒకచోట ఆగాడు.

"ఎడమ స్పీకరు సప్పుడు మొత్తం పైకి పెట్టి ఉంది. ఇంతకన్నా ఎక్కది. కుడిది సగానికి దించి ఉంది. ఎవరన్నా మీట నొక్కిన్రా?"

"దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికుంది అన్నా, డాడీ ఉన్నప్పుడు? పోయినంక ఎవరం ముట్టలే," అంది నిస్సి.

స్పీకరే నీరసించి ఉంటుందనుకొని విక్టర్ ఎడమది కుడికి, కుడిది ఎడమకు తగిలించి చూశాడు. రెండూ చక్కగా పలికాయి. మళ్లీ ఎప్పటిలా కలిపాడు. ప్రకాశం కూర్చునే చోటికి పోయి సోఫాలో కూర్చున్నాడు. టీవీలో వార్తల అమ్మాయి చదువుతూ ఉంది. అతను తల అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కాసేపటికి ఎడమ అరచెయ్యి తీసి ఎడమ చెవి మీద గట్టిగా అదుముకున్నాడు. అలాగే కూర్చుండిపోయాడు.

"అక్కా," అన్నాడు మెల్లగా. "ఇటు రాండ్రి. ఈడ కూసోండ్రి. ఎడమ చెవి మూసుకోండ్రి."

ఫేబ వెళ్లి కూర్చుంది. చెవి మూసుకుంది. గోడవార నుంచి వస్తున్న గొంతు నడుచుకుంటూ వచ్చినట్టు తెర మధ్యకు వచ్చి, వార్తల అమ్మాయి పెదవుల మీద నిలబడింది. చెయ్యి తీసింది. మాటలు మళ్లీ గుమ్మం వైపు పోయాయి. చెయ్యి పెట్టింది. మాటలు వచ్చి మధ్యలో నిలబడ్డాయి. రెండేళ్లుగా ఆ హాలులో తిరుగుతున్నదేమిటో ఆమెకు అర్థమైంది. అది ఒక మనిషి వినికిడి. మనిషి పోయినా, ఆ ఇల్లు ఇంకా ఆయన చెవితోనే వింటూ ఉంది.

"ఆయనకు ఈ చెవి…" అని ఆగిపోయింది.

"ఇనవడది," అంది జ్ఞానమ్మ.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. ముసలామె చీర కొంగుతో మూతి తుడుచుకుంది.

"మా నాయనకు సుత గట్లనే పోయింది, ఎడమదే. నాకు రెండు సగం సగం. వీనికి మొదలైందని నాకొక్కదానికే చెప్పిండు. హైదరాబాదుల మిషన్ పెట్టి చూసిన్రట. చెవిల పెట్టుకునే మిషన్ ఇస్తమంటే వద్దన్నడు. క్వయరు మాస్టరు చెవిటోడంటే పిల్లలు నవ్వుతరే అమ్మా అన్నడు. ఫేబకు చెప్పొద్దు, అది ముందే క్వయరు ఇడిసిపెట్టమంటున్నది అన్నడు. బిడ్డా, నా కొడుకు మాట నేనెట్ల దాటుదు?"

"వాడు ఈడనే ఉన్నడు అంటివి గదా నానమ్మా," అంది నిస్సి.

"మరి లేడా? ఎవరి కోసం ఇది గింత గట్టిగ మొత్తుకుంటున్నది? వాడు పెట్టినట్టే ఉంది గదా."

విక్టర్ నేల చూపులు చూశాడు. "ప్రాక్టీసుల ఎప్పుడూ మా దిక్కు కుడి పక్క పెట్టి నిలవడుతుండె. సోప్రానోలు, పై గొంతు పాడే ఆడపిల్లలు, మంచిగ పాడ్తలేరని మొహం తిప్పుకున్నడేమో అనుకునేటోళ్లం," అన్నాడు. తర్వాత, "అక్కా, ఇయ్యాల వద్దు. మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడొస్త," అని సామాను సర్దుకొని వెళ్లిపోయాడు.

ఫేబ అక్కడి నుంచి లేవలేదు. వంటింటి గుమ్మం తనకు ఏ వైపున ఉందో చూసుకుంది. ఎడమ వైపే. ఆ గుమ్మంలోంచే ఆమె ఆయన్ను పిలిచింది, బతిమాలింది, సాధించింది, తర్వాత మానేసింది. కోపం అనుకున్నదంతా కోపం కాదు. ఆయన అసలు వినలేదు. తను పిలవడం మానేసినప్పుడు ఆయన ఏమనుకొని ఉంటాడు? మిగిలిన చెవి కూడా పోతోందని భయపడ్డాడా? ఇంట్లో చప్పుడు తగ్గిపోతుంటే రోజూ పొద్దున్నే లేచి ఎన్నిసార్లు పరీక్షించుకున్నాడో. ఆ ఆలోచన ఆమె ఛాతీలో ముల్లులా దిగింది. దయ్యమే అయితే ఇంత బాధ ఉండేది కాదనిపించింది.

ట్రాక్టరు డ్రైవరు పేరు ముందుగా ఎత్తింది కూడా ఆమే.

"ఎల్లేష్ హారన్ కొట్టిండు," అంది.

నిస్సి ఉలిక్కిపడింది. ఎల్లేష్ ఆ ట్రాక్టరు డ్రైవరు. వరి కోతల రోజుల్లో వడ్ల ట్రాలీతో పొలం బాట నుంచి రోడ్డు మీదికి ఎక్కుతూ, ఎడమ వైపు నుంచి వచ్చి ప్రకాశం బండిని గుద్దాడు. పారిపోలేదు. హారన్ కొడుతూనే ఉన్నానని, సార్ ఒక్కసారి కూడా ఇటు చూడలేదని పోలీసులకు చెప్పాడు. పొలంలో కోత మిషను మోత మధ్య ఉన్నవాళ్లు మాత్రం తమకు ఏ హారనూ వినపడలేదన్నారు. హారన్ కొడితే మా నాన్న ఆగడా అని నిస్సి కోర్టులో గట్టిగా నిలబడింది. కేసు ఇంకా నడుస్తోంది.

"అంటే తప్పంతా డాడీదేనా మమ్మీ?"

"తప్పు అని ఎవరన్నరు?"

"నువ్వు అన్నదానికి అర్థం గదే గదా. చెవి ఇనవడకపోతే బండి నడపొద్దు. ఇప్పుడు పోయి కోర్టుల గీ మాట చెప్తే డాడీ పేరేమైతది? ఊరంతా ఏమనుకుంటది?"

"చెవిటోడు అనుకుంటది. అనుకోనీ. ఆ పొల్లగాడు అబద్ధమాడిండని రెండేండ్ల సంది అంటున్నం నిస్సీ. అది అబద్ధం కాదు."

"నేను రాను."

"రాకు."

రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు బడికి సెలవు పెట్టి ఫేబ పాపన్నపేట షేర్ ఆటో ఎక్కింది. ఆ మలుపు దగ్గర కళ్లు మూసుకోవాలనుకుంది, కానీ మూసుకోలేదు. పొలం బాట రోడ్డును కలిసే చోట తుమ్మచెట్లు అడ్డంగా పెరిగి ఉన్నాయి. ఆటో డ్రైవరు అక్కడ హారన్ కొట్టి, వేగం తగ్గించి దాటాడు.

ఎల్లేష్ ఊరు మంజీర ఒడ్డున ఉంది. ఇల్లు అడిగితే ఒకావిడ ఆమెను ఎగాదిగా చూసి, "ట్రాక్టర్ ఎల్లేషా? వాడిప్పుడు యాడ నడుపుతుండు," అంటూ చూపించింది. రేకుల ఇల్లు. గడప మీద నిమ్మకాయలు, మిరపకాయలు దండ కట్టి ఉన్నాయి. ఎండిపోయినవి తియ్యకుండానే వాటి మీద కొత్తవి కట్టారు. లోపలి నుంచి వచ్చిన మనిషిని ఫేబ కోర్టు వరండాలో చాలాసార్లు చూసింది, ఎప్పుడూ దూరం నుంచే. ఇంత చిన్నవాడని అనుకోలేదు. చేతికి, మెడకు, దండచేతికి రకరకాల దారాలున్నాయి. ఆమెను గుర్తుపట్టగానే గోడకు ఆనుకున్నాడు.

"భయపడకు ఎల్లేష్. నీతోని ఒక మాట చెప్పి పోదామని వచ్చిన," అంది ఫేబ.

అతని భార్య మంచం వాల్చి, "కూసోండ్రి," అంది గానీ, ఆ గొంతులో రమ్మన్న ధ్వని లేదు.

ఫేబ కూర్చొని సూటిగా చెప్పింది. "సారుకు ఎడమ చెవి ఇనవడది. మాకెవరికీ తెల్వది. మొన్ననే తెల్సింది. నువ్వు హారన్ కొట్టినవ్. ఆయనకే ఇనవడలే. వచ్చే వాయిదాకు నేనే వచ్చి జడ్జికి చెప్త."

ఎల్లేష్ గోడ వారనే కిందికి జారి కూర్చున్నాడు.

"నేను కొట్టిననా అమ్మా?" అన్నాడు.

"నువ్వే చెప్పినవ్ గదా, కొడుతనే ఉన్ననని."

"చెప్పిన. మొదట చెప్పిన. తర్వాత అందరు కొట్టలే, కొట్టలే అన్నరు. మా సేటు అన్నడు, ఊళ్ల అన్నరు, మా అయ్య సుత రొండుసార్లు అడిగిండు. పండుకున్నప్పుడు యాదికి తెచ్చుకుంట. చెయ్యి హారన్ మీద పెట్టింది యాదికొస్తది, సప్పుడు యాదికి రాదు. నేను కొట్టలేదేమో అనుకున్న. గిప్పుడు మీరొచ్చి కొట్టినవంటున్నరు."

అతని భార్య మొహం పక్కకు తిప్పుకుంది. తన ఇంట్లో ఒక్క మూలనే ఏదో ఉందని ఫేబ అనుకుంది. ఈ ఇంటికి గడప నిండా నిమ్మకాయలు, ఈ పిల్లవాడి ఒంటి నిండా దారాలు కట్టుకోవాల్సి వచ్చింది.

"ఈ దారాలు ఎందుకు?" అని అడిగింది.

ఎల్లేష్ భార్య వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అయినా అతను చెప్పాడు.

"సారు నన్ను పిల్చిండమ్మా. రోడ్డు మీద పడి ఉంటే ఉరికిపోయి పక్కన కూసున్న. నూట ఎనిమిదికి ఫోన్ చేసిన సారూ, వస్తున్నది సారూ అని చెప్తనే ఉన్న. నా దిక్కు చూడలే. జరసేపటికి 'ఇటు పక్కకు రా' అన్నడు. నాకు అర్థం కాలే. మళ్ల అన్నడు, 'ఇటు పక్కకు రా బాబూ,' అని. ఏమో లేపమంటున్నడేమో అని చుట్టు తిరిగి అటు దిక్కు పోయిన. గప్పుడు నా మొహం చూసిండు. 'నీ పేరేంది?' అన్నడు. చెప్పిన. 'ఎల్లేశా' అన్నడు. అంతే. ఇంకేం మాట్లాడలే. ఇంటికొచ్చి చెప్తే మావోళ్లు దడుసుకున్నరు. పానం పోయేటోడు ఇటు రా అని పిల్చి, పేరడిగి, పేరు పెట్టి పిల్చిండంటే తోల్కపోతడన్నరు. గా సంది ట్రాక్టర్ ఎక్కలే. ఎక్కితే ఎనుకకెంచి పిల్చినట్టే ఉంటది."

ఫేబ మంచం మీద ముందుకు జరిగింది.

"నువ్వు మొదట ఏ దిక్కు కూసున్నవ్?"

ఎల్లేష్ చేతులతో రోడ్డు గీసి, మనిషిని పడుకోబెట్టి, తన చోటు చూసుకున్నాడు. "ఎడమ దిక్కు," అన్నాడు. అంటూనే అతని చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"నువ్వు చెప్పేది ఆయనకు ఇనవడలే. అందుకే ఇటు పక్కకు రమ్మన్నడు, కుడి చెవి దిక్కు. ఎవరో పక్కన కూసొని ఏదో చెప్తుండు, ఇనాలె అనుకున్నడు. అంతే. నిన్ను తోల్కపోవుడు కాదు బాబూ."

"మరి పేరు?"

"ఆయన హెడ్మాస్టరు. పేరు అడగకుండ ఎవ్వరితో మాట్లాడడు. బస్సుల పక్క సీటోణ్ని సుత ముందు పేరడుగుతడు. నీ పేరు సుత అట్లనే అడిగిండు."

అతని భార్య లోపలికి వెళ్లింది. లోపల గిన్నెల చప్పుడు లేదు, ఏమీ లేదు. ఆమె ఏడుస్తోందని ఇద్దరికీ తెలుసు. ఎల్లేష్ మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని నేల వైపే చూస్తున్నాడు.

"అటు దిక్కు పోయినంక సుత చెప్పినవా, నూట ఎనిమిది వస్తుందని?" అని అడిగింది ఫేబ.

"చెప్పిన."

"ఇన్నడా?"

"ఇన్నడమ్మా. తల ఊపిండు."

"ఎట్ల పిల్చిండు నిన్ను? ఆయన అన్నట్టే అను."

ఎల్లేష్ సిగ్గుపడ్డాడు. తన పేరు తను పిలుచుకోవడం ఎలాగో తెలియనట్టు గొంతు సవరించుకున్నాడు. తర్వాత, తరగతిలో వెనక బెంచీ పిల్లవాణ్ని మందలించకుండా లేపినట్టు, "ఎల్లేశా," అన్నాడు.

ఫేబ కళ్లు తుడుచుకుంది. ఆ మనిషి చివరి మాట తన పేరు కాదు, కూతురి పేరు కాదు. అయినా అది వినపడని మాట కాదు. అడిగితే జవాబు వచ్చింది, జవాబు చెవిని పడింది. అంతవరకు ఆయనకు దక్కింది. అతని భార్య చాయ్ తెచ్చింది. ఫేబ తాగి, వాయిదా తారీకు కనుక్కొని, ఆటో కోసం బయలుదేరింది. ఎల్లేష్ రోడ్డు దాకా వచ్చాడు.

ఆ వాయిదాకు నిస్సి కూడా వచ్చింది. తల్లి చెప్పాల్సింది చెప్పేదాకా పక్కన నిలబడింది. ఎల్లేష్‌తో మాట్లాడలేదు, కానీ వెళ్లేటప్పుడు అతనికి దారి ఇచ్చి పక్కకు జరిగింది. జడ్జిగారు చెవి పరీక్ష కాగితాలు దొరుకుతాయేమో చూడమన్నారు. కేసు ఇంకా తేలలేదు. ఎల్లేష్ మాత్రం కోతలకు మళ్లీ ఎవరిదో ట్రాక్టరు ఎక్కాడని ఆ ఊరి నుంచి బడికి వచ్చే ఆయమ్మ చెప్పింది.

వాయిదా తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక ఫేబే విక్టర్‌ను రమ్మంది. అతను పాత ఆంప్లిఫయరును విప్పి కొత్తది పెట్టాడు. మధ్యలో మాటల స్పీకరు పెట్టాడు. టవర్లు అలాగే ఉన్నాయి. చివరకు ఒక చిన్న మైకును మూడు కాళ్ల స్టాండు మీద బిగించాడు.

"ఇప్పుడు ఇది ఒక్కొక్క స్పీకరు నుంచి సప్పుడు పంపి, చెవికి ఎంత అందుతుందో కొలుసుకుంటది. దాన్నిబట్టి అదే సర్దుకుంటది. మీరు కూసునే జాగలల్ల ఒక్కోచోట పెట్టి కొలవాలె. ఫ్యాన్లు బంద్ చెయ్యుండ్రి, ఎవ్వరు మాట్లాడొద్దు."

జ్ఞానమ్మ చోట పెట్టారు. నిస్సి చోట పెట్టారు. ఫేబ చోట పెట్టారు. ప్రతిసారీ చప్పుడు ఈల వేసినట్టు ఎడమ నుంచి మొదలై, మధ్యకు వచ్చి, కుడికి పోయి, వెనక మూలలు తిరిగి ఆగేది. మూడోది అయ్యాక విక్టర్ స్టాండు చేత్తో పట్టుకొని నిలబడ్డాడు. ప్రకాశం కూర్చునే చోటు ఒక్కటే మిగిలింది.

"ఇగ చాలా?" అని అడిగాడు, ఎవరి వైపూ చూడకుండా.

"అక్కడ సుత పెట్టన్నా," అంది నిస్సి.

విక్టర్ స్టాండును ఆ చోట, మనిషి కూర్చుంటే తల ఉండే ఎత్తుకు సరిచేసి పెట్టాడు. జ్ఞానమ్మ ముందుకు వంగి దాన్ని పరికించింది.

"నడిమిట్ల పెట్టకు బిడ్డా," అంది. "వానికి ఆ చెవి ఇనవడది. జర కుడి దిక్కుకు జరుపు."

విక్టర్ ఫేబ వైపు చూశాడు. ఫేబ తల ఊపింది. అతను స్టాండును బెత్తెడు కుడికి జరిపి, వెనక్కి వచ్చి నిలబడ్డాడు. నలుగురూ ఊపిరి బిగబట్టారు. ఎడమ దిక్కు నుంచి చప్పుడు మొదలైంది.